కడుపులో చల్ల కదలకుండా: సోలాపూర్ నుంచి భివండీ దాకా

సోలాపూర్ నుంచి భివండీకి పోయే దారి తెలియని ఇల్లు మనలో ఉండదు. పెళ్లికి పోయినా, చావుకు పోయినా, పని వెతుక్కుంటూ పోయినా ఆ దారే. కరీంనగర్, నల్లగొండ, పాలమూరు దిక్కు నుంచి మన తాతముత్తాతలు ముందు సోలాపూర్ చేరారు. 1877లో పెట్టిన పాత గిర్ణి మొదలు ఇక్కడ ఒకదాని వెనక ఒకటి మిల్లులు లేచాయి. కొందరు ఇక్కడే ఆగారు. కొందరు ఘాటు దిగి బొంబాయి గిర్ణుల్లో చేరారు. 1982 జనవరిలో మొదలైన బొంబాయి మిల్లు సమ్మె తర్వాత ఆ గిర్ణులు చాలావరకు మళ్లీ లేవలేదు. మనవాళ్లలో ఎందరో భివండీ సాంచాల దిక్కు మళ్లారు. అందుకే మనలో చాలా కుటుంబాలకు ఘాటు పైన ఒక ఇల్లు, ఘాటు కింద ఒక ఇల్లు.

ఇన్నేండ్లూ రైల్లోనో, రాత్రి బస్సులోనో ఈ దారి పోయేవాళ్లం. 2025 ఫిబ్రవరిలో, మాఘమాసం పెళ్లికి, మా అన్న కొడుకు కొత్త కరెంటు కారులో పోయాం. టాక్సీకని అప్పు మీద కొన్నాడు. ఆకుపచ్చ నంబరు ప్లేటు మీద పసుపు అక్షరాలు. నెలనెలా కిస్తీ కట్టాలి. ఇంట్లో చార్జి పెడితే కిలోమీటరుకు రూపాయిన్నర దగ్గర పడుతుంది, దారిలో ఫాస్ట్ చార్జరు దగ్గర పెడితే మూడు రూపాయల దాకా పోతుంది. ఒకసారి చార్జి చేస్తే ఎన్ని కిలోమీటర్లు వస్తుందన్న దాని మీదే వాడి ఇంటి లెక్క నిలబడి ఉంది. అందుకని వాడి చూపు సగం రోడ్డు మీద, సగం బ్యాటరీ అంకె మీద. వెనక సీట్లో మా అమ్మ, నా భార్య. అమ్మకు ఎనభై దాటాయి. బండి కుదిపితే కడుపులో తిప్పుతుంది. ముందు సీట్లో నేను. సోలాపూర్‌లో టవళ్ల బేళ్లు మోసే టెంపోను ఇరవై ఐదేండ్లు నడిపినవాణ్ణి కాబట్టి, పక్కన కూచున్నా నా కాలు ఊరికే ఉండదు.

కాలు తీస్తే ఏమవుతుంది

మన బస్తీల్లో ఇప్పుడు ఇట్లాంటి కార్లు ఒకటీ అరా వస్తున్నాయి. కొనబోయే పిల్లలు ముందు తెలుసుకోవాల్సింది కాలు తీసినప్పటి సంగతి. పెట్రోలు కారులో, డీజిల్ టెంపోలో ఎక్సలేటరు మీద నుంచి కాలు తీస్తే బండి తన ఊపు మీద కొంత దూరం పోయి మెల్లగా తగ్గుతుంది. కరెంటు పోయినా సాంచా వెంటనే ఆగక కొంచెం తిరిగి ఆగినట్టు. కరెంటు కారులో కాలు తీయగానే మోటారు పని తిరగబడుతుంది. అప్పటిదాకా చక్రాలను తిప్పిన మోటారును ఇప్పుడు చక్రాలే తిప్పుతాయి. అది జనరేటరు లెక్క కరెంటు పుట్టించి బ్యాటరీకి పంపుతుంది. ఆ బరువుకు బండి వేగం తగ్గుతుంది. దీన్ని రీజెన్ అంటారు.

వాడి కారులో రీజెన్‌కు సున్నా నుంచి మూడు దాకా మెట్లు ఉన్నాయి. మూడులో ఉండగా కాలు తీస్తే ఎవరో బ్రేకు తొక్కినట్టు మనుషులు ముందుకు ఒరుగుతారు. సున్నాలో తీస్తే బండి నున్నగా, పాత బండ్ల కంటే ఎక్కువ దూరం, జారుకుంటూ పోతుంది.

సోలాపూర్ దాటినప్పటి నుంచి వాడు మూడులోనే నడిపాడు. ముందు లారీ కనబడితే కాలు తీస్తాడు, బండి గుంజినట్టు తగ్గుతుంది. మళ్లీ తొక్కుతాడు, మళ్లీ తీస్తాడు.

"షోరూములో గిట్లనే పెట్టుకోమన్నరు చిన్నాయినా. ఎంత ఎక్కువ పెడితే అంత చార్జి తిరిగొస్తదట" అన్నాడు.

వెనక నుంచి అమ్మ అందుకుంది. "చార్జి సంగతి ఏమో గని బిడ్డా, పొద్దున తాగిన చాయ్ తిరిగొచ్చేటట్టుంది."

సావళేశ్వర్ టోలు దగ్గర ఆగినప్పుడు ఇద్దరం మాట్లాడుకున్నాం. తిరిగొచ్చే కరెంటు ఉత్తగా రాదు. ముందు బ్యాటరీలోంచి కరెంటు తీసి దాన్ని వేగం చేశాం. ఆ వేగాన్ని మళ్లీ కరెంటు చేసి, ఆ కరెంటును మళ్లీ వేగం చేస్తే ప్రతి మార్పిడిలో కొంత పోతుంది. బ్యాంకులో వేసి తీసిన ప్రతిసారీ నూటికి ఇంత అని కోత పడితే మనం ఊరికే వేసి తీస్తామా? దారి ఖాళీగా ఉన్నప్పుడు వేగాన్ని వేగంగానే ఖర్చు పెట్టుకోవాలి. ఎట్లాగూ తగ్గాల్సిందే, ఆగాల్సిందే అన్నచోట మాత్రం, బ్రేకు రాపిడికి వేడిగా పోయేదాన్ని రీజెన్ కొంతైనా కాపాడుతుంది. సందుల్లో, సిగ్నళ్ల దగ్గర, ఘాటులో అది బంగారం. చదును హైవే మీద సున్నా గానీ ఒకటి గానీ చాలు.

మోహోళ్ నుంచి భిగ్వణ్ దాకా

మోహోళ్ దాటితే రోడ్డు బల్లపరుపు. రెండు పక్కలా చెరుకు. ఫిబ్రవరి అంటే ఫ్యాక్టరీలు ఇంకా గానుగ ఆడే కాలం. రెండేసి ట్రాలీలు తగిలించిన ట్రాక్టర్లు, చెరుకు ఇటు అటు వేలాడుతూ, హైవే మీదే నడకలా పోతుంటాయి. చాలావాటికి వెనక ఎర్ర దీపం కూడా ఉండదు. ఈ దారిలో రాత్రిపూట కార్లు ట్రాలీల కిందికి దూరిన వార్తలు మనం చదువుతూనే ఉంటాం.

వాడు మెట్టును ఒకటికి దించాడు. ఇక చూపు మార్చుకోవాల్సి వచ్చింది. మూడులో ఉన్నప్పుడు ముందున్న బండిని చూసి నడిపితే సరిపోయింది, కాలు తీస్తే బండే పట్టుకుంటుంది కదా. ఒకటిలో దాని ముందున్న దాన్ని, ఆ ముందున్న మలుపును చూడాలి. ట్రాక్టరు చిన్న చుక్కలా కనబడ్డప్పుడే కాలు మెల్లగా తేలిక చేయాలి. ఒక్కసారిగా తీసేయకుండా, పెడలు మీద కాలు ఉంచే కొద్దికొద్దిగా వదలాలి. మన ఆడవాళ్లు దారం తెగకుండా కండె మీదికి వదిలినట్టు. అప్పుడు బండిలో ఉన్నవాళ్లకు వేగం తగ్గిన సంగతే తెలియదు.

టెంభుర్ణి వచ్చేసరికి వాడికి అదొక ఆటయింది. వరవడే టోలు బోర్డు కనబడగానే కాలు వదిలి, బ్రేకు తాకకుండా గేటు దాకా పోగలనా అని చూశాడు. చివర్లో కొంచెం తొక్కాల్సి వచ్చింది. ఇందాపూర్ దగ్గర సర్దేవాడి టోలుకు దాదాపు కుదిరింది. వేగం కూడా 85 దాటనివ్వలేదు. గాలి అడ్డం వేగంతో పాటు విపరీతంగా పెరుగుతుంది కాబట్టి నూరుకు పోతే బ్యాటరీ కళ్ల ముందే దిగిపోతుంది.

ఒక జాగ్రత్త ఉంది. రీజెన్ గట్టిగా పట్టినప్పుడు చాలా కార్లలో వెనక బ్రేకు దీపం దానంతటదే వెలుగుతుంది. మెల్లగా జారుతూ తగ్గినప్పుడు వెలగకపోవచ్చు. వెనక లారీ మీదికి వస్తున్నప్పుడు అద్దంలో చూసి, బ్రేకు మీద కాలు కొంచెం ఆనిస్తే దీపం వెలిగి వాడికి తెలుస్తుంది.

భిగ్వణ్ దగ్గర భీమా నది మీద కట్టిన ఉజనీ డ్యాము వెనక నీళ్లు సముద్రంలా పరుచుకుని ఉంటాయి. చలికాలంలో ఫ్లెమింగోలు వచ్చి ఆ బురదనీళ్లలో ఒంటికాలి మీద నిలబడతాయి. చేపల హోటళ్లకూ ఈ ఊరికి పేరు. మేం పెళ్లికి పోతున్నవాళ్లం కనుక ఇంటి నుంచి తెచ్చుకున్న కడక్ భాకరీ, శేంగా చట్నీ విప్పాం. ఆగిన చోట రెండు చార్జర్లలో ఒకటి పనిచేయడం లేదు. ఇంకో కారు తీసేదాకా ఆగి, మా కారు పెట్టేసరికి గంటన్నర దాటింది. ఈ దారిన పోయేవాళ్లు ఆ పొద్దు కూడా లెక్కలో వేసుకోవాలి.

న్యూట్రల్ మాట

చార్జి ఎక్కేదాకా కూచున్నప్పుడు పక్క కారు డ్రైవరు అడిగాడు: "ఘాటుల న్యూట్రల్ కొడితే ఇంకా మంచిగ మిగుల్తది గద అన్నా?" మన పిల్లల్లోనూ ఈ మాట బాగా ఉంది. ఆటోలో, స్కూలు వ్యానులో, టెంపోలో వాలు రాగానే న్యూట్రల్ కొట్టేవాళ్లను రోజూ చూస్తాం. దీని మొదలు ఎక్కడుందో చెప్తే గానీ పోదు.

కార్బురేటరు ఉన్న పాత పెట్రోలు బండ్లలో గేరులో ఉండి కాలు తీసినా ఇంజను కొంత పెట్రోలు గుంజుకుంటూనే ఉండేది. న్యూట్రల్ కొడితే మిగులుతుందన్న మాట అప్పుడు పుట్టింది. ఇప్పటి బండ్లలో పెట్రోలును కంప్యూటరు కొలిచి చిమ్ముతుంది. గేరులో ఉండగా కాలు తీస్తే, ఇంజనును చక్రాలే తిప్పుతున్నాయని దానికి తెలుసు కనుక, చిమ్మడం ఆపేస్తుంది. న్యూట్రల్ కొడితే ఇంజను ఆరిపోకుండా ఉండటానికి మళ్లీ పోయాల్సి వస్తుంది. అంటే మిగుల్చుదామని కొట్టిన న్యూట్రలే పెట్రోలు తాగుతుంది. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బీఎస్-6 మోటారు సైకిళ్లలోనూ దాదాపు అన్నిటికీ పెట్రోలు చిమ్మే పద్ధతే.

పైసల సంగతి అట్లా ఉంచితే ప్రాణం సంగతి ఉంది. గేరులో ఉన్న ఇంజను బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో ఆ పట్టు పోతుంది, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. ఎక్కువసేపు తొక్కితే బ్రేకు లైనర్లు కాలి పట్టు తప్పుతాయి. తాళం తిప్పి ఇంజనే ఆపేస్తే ఇంకా ఘోరం. కార్లలో బ్రేకు పెడలు తేలిగ్గా దిగేది ఇంజను ఇచ్చే వాక్యూం సాయంతో. అది లేకపోతే రెండు మూడుసార్లు తొక్కేసరికి పెడలు రాయి అవుతుంది. స్టీరింగు బిగుస్తుంది. లారీల గాలి బ్రేకులకు గాలి నింపేది కూడా ఇంజనే. నాకు బండి నేర్పిన ఉస్తాద్ ఒక్కటే చెప్పేవాడు: "ఏ గేరుల ఎక్కినవో ఆ గేరులనే దిగు." ఆ మాట ఇప్పటికీ అన్ని గేరు బండ్లకూ పనికొస్తుంది.

కరెంటు కారులోనూ న్యూట్రల్ ఉంది. దానిలో పెడితే మోటారు పట్టు పోతుంది, తిరిగొచ్చే కరెంటూ పోతుంది. ఊరికే జారాలంటే రీజెన్‌ను సున్నాలో పెట్టాలి, బండి మాత్రం డ్రైవులోనే ఉండాలి. అప్పుడు ఎప్పుడంటే అప్పుడు మళ్లీ పట్టు దొరుకుతుంది.

పాటస్, యవత్, హడప్సర్ దాటి, కాత్రజ్ మీదుగా పుణె బైపాస్ ఎక్కేచోట నవలే వంతెన వస్తుంది. సాతారా వైపు నుంచి కొత్త కాత్రజ్ సొరంగం దాటి వచ్చే బండ్లు పొడుగాటి వాలు దిగి ఇక్కడికి చేరతాయి. 2022 నవంబరులో ఒక ఆదివారం రాత్రి ఆ వాలులో అదుపు తప్పిన లారీ నలభైకి పైగా బండ్లను గుద్దింది. అక్కడ న్యూట్రల్‌లో దిగొద్దని పోలీసులు లారీవాళ్లకు చెప్తూనే ఉన్నారు. మేం ఆ వాలు దిగలేదు, అడుగున నిలబడి పైకి చూశాం. చూస్తే పెద్ద వాలు అనిపించదు. అక్కడే ఉంది మోసం.

ఘాటు

తళేగావ్ దగ్గర రెండోసారి చార్జి పెట్టాం. వాడు నిండా పెడదామన్నాడు. ఎనభై దగ్గర ఆపించాను. ఘాటు దిగేముందు బ్యాటరీ నిండుగా ఉంటే తిరిగొచ్చే కరెంటుకు చోటుండదు. చోటు లేకపోతే రీజెన్ పట్టు తగ్గుతుంది. మామూలుగా కాలు తీస్తే ఆగే బండి ఆగదు, డ్రైవరుకు గుండె జారుతుంది. లోనావాలాలోనో, ఏ కొండమీది ఊళ్లోనో రాత్రంతా చార్జి పెట్టి పొద్దున్నే దిగేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. కొండమీద కుండ నిండా నింపుకోకూడదు.

లోనావాలా సముద్రమట్టానికి సుమారు 620 మీటర్ల ఎత్తు. ఖోపోలి 60 మీటర్ల దగ్గర. అంటే పన్నెండు పదమూడు కిలోమీటర్లలో ఐదు వందల మీటర్లకు పైగా పడిపోవాలి. ఇదే బోర్‌ఘాట్. 1863లో ఇక్కడ రైలుదారి పూర్తయ్యేసరికి వేలమంది కూలీలు చనిపోయారు. ఇప్పటికీ పుణె వైపు ఎక్కే రైళ్లకు కర్జత్‌లో వెనక నుంచి తోసే ఇంజన్లు తగిలిస్తారు. మన పాతతరం వాళ్లకు ఆ ఆగుడు, వడాపావ్ అమ్మేవాళ్ల కేకలు గుర్తుంటాయి.

ఇంకొక సంగతి మావాడికి చెప్తే నమ్మలేదు. 1929-30 ప్రాంతంలో ఈ ఘాటు రైలుదారికి కరెంటు వచ్చినప్పుడు కొత్త రకం ఇంజన్లు తెచ్చారు. ముందూ వెనకా పొడుగు ముక్కులతో ఉండే వాటిని రైల్వే కామ్‌గారులు ఖేకడా, అంటే ఎండ్రకాయ, అని పిలిచేవారు. ఘాటు దిగేటప్పుడు ఆ ఇంజన్ల మోటార్లు కూడా తిరగబడి కరెంటు పుట్టించి తీగలోకి పంపేవి. ఇదే పని, ఇదే కొండ, దాదాపు నూరేండ్ల కింద.

ఖండాలా దాటాక వంపులో వాడు ఒక పేరు అడిగాడు. "అమృతాంజన్ వంతెన అంటరు గద, ఏది?" ఇప్పుడు లేదు. 1830లో కట్టిన ఆ రాతి వంతెనను 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్‌లో రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, కూల్చేశారు. దాని మీద ఉండే ప్రకటన బోర్డు వల్ల ఆ పేరు వచ్చింది. ఆ తలనొప్పి మందు పెట్టినవారు మన కాశీనాథుని నాగేశ్వరరావు గారు. 1893లో బొంబాయిలోనే మొదలుపెట్టారు. 1908లో ఆంధ్రపత్రిక కూడా బొంబాయిలోనే పుట్టింది. పొట్ట చేతపట్టుకుని ఈ ఘాటు దిగిన మనవాళ్లకు ఆ పేరు కొండ మీద కనబడితే ధైర్యంగా ఉండేదని మా నాయిన చెప్పేవాడు.

దిగుడు మొదలయ్యేముందు బ్యాటరీ 66 చూపింది. వాడు రీజెన్‌ను రెండులో పెట్టాడు. వేగం యాభై దగ్గర. ఎడమ వరుసలో లారీలు పళ్లు కొరుకుతున్నట్టు తక్కువ గేరులో దిగుతున్నాయి. ఒకటి రెండింటి చక్రాల నుంచి కాలిన వాసన. మావాడు మలుపు రాకముందే కాలు వదులుతాడు, మలుపులో తొక్కడు, మలుపు తిరిగాక అవసరమైతే కొంచెం ఇస్తాడు. బాగా నిటారుగా ఉన్న రెండు చోట్ల మూడుకు ఎక్కించాడు. బ్రేకు తొక్కింది నాలుగైదుసార్లే. ఒక కారు మా ముందుకు దూసుకొచ్చినప్పుడు మాత్రం రీజెన్‌ను నమ్ముకోలేదు, బ్రేకే గట్టిగా తొక్కాడు. అదే సరైన పని. రీజెన్ మామూలు రోజు సాయం, ఆపదకు బ్రేకే దిక్కు.

అడుగుకు చేరేసరికి బ్యాటరీ 68. ఎక్కింది రెండే కదా అనిపించొచ్చు. నలుగురు మనుషులతో ఆ కారు బరువు 1700 కిలోల పైన. అంత బరువు అంత ఎత్తు దిగితే వచ్చే శక్తి సుమారు రెండున్నర యూనిట్లు. గాలికి, టైర్ల రాపిడికి, మార్పిడికి పోగా మిగిలింది ఆ రెండు శాతం. ఆ శక్తి చాలావరకు బ్రేకుల్లో పోతే ఎంత వేడో లెక్క కట్టండి. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెను రెండున్నర గంటలు కాల్చితే ఒక్క యూనిటు తక్కువ కాకుండా అంతే అవుతుంది. లారీ బరువు దీనికి పది పదిహేను రెట్లు. చక్రాల నుంచి కాలిన వాసన ఎందుకొస్తుందో అడగక్కర్లేదు.

ఘాటు కింద

కళంబోలి దాటాక దారి మారిపోతుంది. శీల్‌ఫాటా, ముంబ్రా బైపాస్, మాన్‌కోలీ. కంటెయినర్లు, గుంతలు, పదడుగులకు ఒకసారి ఆగుడు. ఇక్కడ వాడు మెట్టును మూడుకు ఎక్కించాడు. ఎట్లాగూ ఆగాల్సిన చోట అది చక్కగా పనికొచ్చింది. పొద్దుట్నుంచి నేర్చుకున్న కాలు ఇప్పుడు మూడులోనూ కుదపలేదు. కుదుపు మెట్టులో లేదు, కాలులో ఉంది. భివండీలో సాంచాల చప్పుడు మొదలయ్యే సందు దగ్గర బండి ఆగేసరికి బ్యాటరీ 43. అమ్మ దిగుతూ మనవడి తల నిమిరింది. "కడుపుల చల్ల కదలకుండ తెచ్చినవు బిడ్డా" అంది. టాక్సీ నడుపుకుని బతకబోయే పిల్లవాడికి అంతకు మించిన సర్టిఫికెట్టు ఏ షోరూమూ ఇవ్వదు.

పెళ్లిలో మా చుట్టాల పిల్లలు ముగ్గురు కారు చుట్టూ చేరారు. ఒకడికి సీఎన్‌జీ ఆటో, ఒకడికి అద్దె టాక్సీ, ఇంకొకడు ఇట్లాంటి కారుకే అప్పు అడుగుతున్నాడు. మావాడు వాళ్లకు చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాను. కొత్త బండి తెచ్చిన మొదటి వారం ఖాళీ రోడ్డు మీద ఒక్కో మెట్టులో కాలు తీసి ఎంత దూరంలో తగ్గుతుందో చూసుకోండి. హైవే మీద తక్కువ మెట్టు, ఊళ్లో ఎక్కువ మెట్టు, ఘాటులో ఎక్కువ మెట్టు. దిగేముందు బ్యాటరీ నిండా నింపొద్దు. రీజెన్‌తోనే నడిపితే బ్రేకులు వాడక తుప్పు పడతాయి, వానాకాలంలో ముఖ్యంగా, రోజుకు రెండుమూడుసార్లు కావాలని తొక్కండి. ఏ బండైనా, ఏ వాలైనా, న్యూట్రల్ వద్దు. వెనక సీట్లో మీ నాయినమ్మ కూచుందనుకుని నడపండి.